ట్విస్ట్: పేనడమా, వంకర త్రిప్పడమా?

మర్రిగూడ వైపు నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల మా శీర్షికకు కారణమైంది. ఆమె కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుతోంది, ఆంగ్ల మాధ్యమం. ‘మా ఊరి సమస్య’ అనే అంశంపై బడిలో వ్యాసం వ్రాయమన్నారు. అమ్మాయి ఫ్లోరైడ్ నీటిని గురించి, ఆ నీటినే ఏళ్ళ తరబడి త్రాగి కాళ్ళు వంగిపోయిన తన దాదీని గురించి రెండు పుటలు వ్రాసింది. అందులో ఒక వాక్యం ఇది: ‘మై గ్రాండ్‌మదర్ ఈజ్ ఎ ట్విస్టెడ్ ఉమన్.’ ఉపాధ్యాయిని ఆ వాక్యం క్రింద ఎర్ర గీత గీసి, ప్రక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకున్నారట. “నిఘంటువు తీసి చూశాము. ట్విస్ట్ అంటే మెలిత్రిప్పు, పేను, వంకర చేయు అని ఉన్నది. మా అత్తగారి కాళ్ళు వంకర తిరిగిన సంగతి ఊరందరికీ తెలుసు. ఇందులో తప్పేమిటో మాకు బోధపడలేదు. అమ్మాయి మనసు కష్టపెట్టుకున్నది” అని సోదరి వ్రాశారు.

నిఘంటువు చెప్పినది నిజం. వాక్యంలో వ్యాకరణ దోషమూ లేదు. కాని ఆంగ్లం తెలిసిన వారెవరైనా ఆ వాక్యాన్ని చదివితే వారికి తోచే అర్థం వేరు: ‘మా నాయనమ్మ వికృత బుద్ధి గల స్త్రీ, ఇతరుల బాధను చూసి సంతోషించే రకం.’ కాళ్ళను గురించి ఆ అమ్మాయి చెప్పదలచిన మాట మనసును గురించి చెప్పినట్లయింది. దాదీ పక్షాన నిలబడి పలకబోయిన సాక్ష్యం దాదీకే ఎదురు తిరిగింది. ఒక చిన్న క్రియాపదం ఇంత పని ఎలా చేయగలిగిందో తెలియాలంటే దాని కథను దారం దగ్గర నుండి మొదలుపెట్టవలసి ఉంటుంది.

దారమని ఎందుకన్నామంటే, ‘ట్విస్ట్’ పుట్టిల్లు అదే. ఒక పోగును తీసుకొని ఒక కొసను కదలకుండా పట్టుకోండి. రెండవ కొసను వ్రేళ్ళ మధ్య ఒకే దిక్కుకు నలపండి. పోగు తన చుట్టూ తాను తిరుగుతుంది. అదే ట్విస్ట్. దీనికి తెలుగులో ‘పేనడం’, ‘మెలివేయడం’ అన్న మాటలున్నాయి. అలా పడిన మెలికకు ‘పురి’ అని పేరు. మన ఇళ్ళలో మాట్లాడే ఉర్దూలో త్రాడు విషయంలో ‘బట్‌నా’ అంటారు, పడిన మెలికను ‘బల్’ అంటారు. పురి లేని దూది పీచును లాగితే చేతికి ఊడి వస్తుంది. అదే పీచుకు పురి ఎక్కిస్తే బరువు మోస్తుంది. లాగిన కొద్దీ పీచులు ఒకదానినొకటి మరింత గట్టిగా ఒత్తుకుంటాయి. ఆ ఒరిపిడే దారానికి బలం.

ఇక్కడే పిల్లలు తడబడతారు. తెలుగులో మనం ‘త్రిప్పు’ అన్న చోటల్లా వారు ట్విస్ట్ వ్రాసివేస్తారు. ఆంగ్లంలో త్రిప్పడాలు చాలా ఉన్నాయి. తాళంచెవిని త్రిప్పితే ‘టర్న్’. రాట్నం మీద దూదిని నూలుగా వడికితే ‘స్పిన్’. తడిబట్టను మెలివేసి నీరు పిండితే ‘రింగ్’; దాని వ్రాతలో ముందు పలకని ‘డబుల్యూ’ ఒకటి ఉంటుంది, ఉంగరమని పొరబడరాదు. దారాన్ని వేరొక వస్తువు చుట్టూ చుడితే ‘వైండ్’. సీసా మూతకు మాత్రం టర్న్, ట్విస్ట్ రెండూ చెల్లుతాయి. వైండ్‌కూ ట్విస్ట్‌కూ గల భేదం గుర్తుంచుకొనేందుకు సులువైన దారి ఒకటున్నది: తలపాగాను చుట్టుకుంటాము, పేనుకోము. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్ళి అక్కడివారి తలలపై చేరింది. తల చుట్టూ దానిని చుట్టుకోవడం వైండ్. దానిని నేసిన నూలులోని పురి ట్విస్ట్. రుమాలు ఒకటే, క్రియలు రెండు.

చుట్టడం ఎంతటి శ్రమో తెలుసుకోవాలంటే పోచంపల్లి, ఆలేరు ప్రాంతాలలోని చేనేత ఇళ్ళను చూడాలి. ఇక్కత్తు చీరకు రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ ఇటూ అటూ పోయాలి. దానిని ‘ఆసు పోయడం’ అంటారు. ఒక్క చీరకు చేయి వేల సార్లు ముందుకూ వెనక్కూ ఆడాలి. ఈ పని ఎక్కువగా ఇంటి స్త్రీల భుజాల మీదే పడేది. పాత నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పిని చూడలేక ఏళ్ళ తరబడి కృషి చేసి 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేశారు, దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఈ ప్రసక్తి క్రియాపదాల కోసమే తెచ్చాము గాని, మనసు ఆ తల్లి భుజం దగ్గర ఆగక మానదు. ఆ నొప్పిని ఆంగ్లంలో చెప్పవలసి వస్తే ‘ఆమె భుజం ట్విస్ట్ అయింది’ అనరాదు. ఒక్కసారిగా మెలిపడిన కీలుకు ట్విస్ట్ చెల్లుతుంది. రోజూ అరిగి నొచ్చిన కీలుకు చెల్లదు.

పాత పాలమూరు జిల్లాలోని గద్వాలలో మరొక చక్కని మాట ఉన్నది. గద్వాల చీర ఒడలు నూలు, అంచు పట్టు. ఒడలికి ఒక నాడె, అంచులకు వేరే నాడెలు నడుస్తాయి. రెండు రంగుల పేకలు కలిసే సందులో ఒకటి మరొకదానిని పట్టుకొని వెనక్కు మళ్ళుతుంది. ఈ నేతను కుప్పడమనీ, ‘తిప్పడం’ అనీ పిలుస్తారు. ఆంగ్లంలో వ్రాసేవారు దీనికి ‘ఇంటర్‌లాక్’ అనే మాటను వాడుతారు, ట్విస్ట్ అనరు. ఇక్కడ ఏ పోగూ తన చుట్టూ తాను తిరగడం లేదు. రెండు పోగులు చేయి చేయి పట్టుకొని విడిపోతున్నాయి. మన నేతగాని మాట అంత సూక్ష్మాన్నీ ఒక ‘తిప్పడం’లో ఇముడ్చుకున్నది. అనువాదకుడు మాత్రం మగ్గం దగ్గరకు వెళ్ళి చూస్తే తప్ప సరియైన ఆంగ్ల పదాన్ని ఎన్నుకోలేడు.

ఇక ఈ పదం వేరును చూడండి. ఆంగ్లంలో రెండును ‘టూ’ అంటారు. వ్రాతలో అందులోనూ ‘డబుల్యూ’ ఉంటుంది, పలకరు. రెండు సార్లు అంటే ‘ట్వైస్’. కవలలు ‘ట్విన్స్’. రెండింటి నడుమ ‘బిట్వీన్’. పురికొసకు ‘ట్వైన్’. ఇవన్నీ ఒక తల్లి బిడ్డలు, ట్విస్ట్ కూడా ఆ ఇంటిదే. పాత ఆంగ్లంలో ఈ మాట రెండు పేటల త్రాడును సూచించినట్లు కనిపిస్తుంది. అయితే అదే వేరు నుండి జర్మన్‌లో, డచ్‌లో పుట్టిన మాటలకు అర్థం కలహం! ఒకచోట రెండు కలిసి ఒకటి కావడం, మరొకచోట ఒకటి చీలి రెండు కావడం. త్రాడూ తగవూ ఒకే గర్భాన పుట్టాయన్న మాట. ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసిన వారికి ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించకపోవచ్చు.

రెండు పోగులు విడిపోకుండా ఎలా నిలుస్తాయన్నది తెలుసుకోదగినది. ఒక్కొక్క పోగుకు కుడి దిక్కుగా పురి ఎక్కించారనుకోండి. ఆ రెండింటినీ కలిపి మళ్ళీ కుడి దిక్కుకే మెలివేస్తే పురి మితిమీరి దారం ఉండలు చుట్టుకుంటుంది. అందుకని కలిపేటప్పుడు ఎడమ దిక్కుకు మెలివేస్తారు. విడిపోవాలని ప్రతి పోగూ తిరగబోయిన కొద్దీ రెండింటినీ కలిపిన మెలిక మరింత బిగుస్తుంది. నూలు వ్యాపారంలో ఈ రెండు దిక్కులకూ ఆంగ్ల అక్షరాల పేర్లు పెట్టారు: ‘ఎస్’ ట్విస్ట్, ‘జడ్’ ట్విస్ట్. దారాన్ని నిలువుగా పట్టుకొని చూస్తే మెలిక గీతలు ఆ అక్షరాల నడిమి గీతలా వాలి ఉంటాయి. ఆంగ్లేయుల కాలంలో మిల్లు నూలు మన దేశంలోకి దిగుమతి అయినప్పుడు వారి వాణిజ్య పట్టికలలో దాని శీర్షికే ‘ట్విస్ట్ అండ్ యార్న్’. మన రాట్నాలను మూలకు నెట్టిన సరకు ఈ పేరుతోనే ఓడలు దిగింది.

పేనిన దానిని విప్పడానికి ఆంగ్లంలో ‘అన్‌ట్విస్ట్’ అంటారు. ఖుర్ఆన్ పఠించే వారికి ఇక్కడ నహ్ల్ సూరా 92వ ఆయతు జ్ఞాపకం రాకపోదు. గట్టిగా వడికిన నూలును తన చేతులతోనే పోగులు పోగులుగా త్రెంచివేసుకొన్న స్త్రీ ఉపమానం అక్కడ ఉన్నది. ప్రమాణాలు చేసి, వాటిని ఒకరినొకరు మోసగించుకొనే సాధనంగా మార్చుకోవద్దని ఆ సందర్భం. గమనించండి: ఆ ఉపమానంలో వడకడం నింద కాదు, మెలిక నింద కాదు. మెలిక శ్రమ ఫలం. దానిని విప్పివేయడమే నింద. పురి పడిన ప్రతిదీ వంకరేనని భావించే వారు ఈ ఉపమానం దగ్గర ఒక్క క్షణం నిలవాలి.

అరబ్బీలో పేనడానికి ‘ఫతల’ అనే ధాతువు ఉన్నది. ఖర్జూరపు గింజ చీలికలో సన్నని నారపోగు వంటిది ఒకటి ఉంటుంది, దానిని ‘ఫతీల్’ అంటారు. తీర్పు నాడు ఎవరికీ ఆ పోగంత అన్యాయం కూడా జరగదని ఖుర్ఆన్‌లో చెప్పబడిన చోట వాడిన మాట అదే. పేనిన వత్తికి ఉర్దూలో ఫతీలా అనీ, వాడుకలో పలీతా అనీ అంటాము. దీపానికి వత్తి చేసే అమ్మమ్మకు ఈ బంధుత్వం తెలియకపోవచ్చు గాని, ఆమె వ్రేళ్ళ మధ్య తిరుగుతున్నది ఆ ధాతువే.

ఇప్పుడు శరీరం దగ్గరకు వద్దాం. ‘ఐ ట్విస్టెడ్ మై యాంకిల్’ అంటారు ఆంగ్లేయులు. మాటకు మాటగా చూస్తే ‘నేను నా చీలమండను మెలిత్రిప్పాను’ అని. ఎవరైనా తన కాలిని తాను మెలిత్రిప్పుకుంటారా? తెలుగులో ‘నా కాలు బెణికింది’ అంటాము, కర్త కాలు. ఉర్దూలో ‘పాఁవ్ మేఁ మోచ్ ఆ గయీ’ అంటాము. అక్కడ బెణుకే కర్త, అదే నడచి వచ్చింది. జరిగినది ఒక్కటే ప్రమాదం. ఆంగ్లం దానిని మనిషి ఖాతాలో వేసింది, తెలుగు కాలి ఖాతాలో, ఉర్దూ బెణుకు ఖాతాలో. ఇందులో ఏ భాషా అబద్ధమాడడం లేదు, అలవాటు అంతే. కాని మన పిల్లలు ఒక భాషలో ఆలోచించి మరొక భాషలో వ్రాస్తున్నప్పుడు ఈ ఖాతాల మార్పిడి దగ్గరే దెబ్బ తగులుతుంది.

కడుపులో మెలిపెట్టినట్లుంది అంటాము. ఉర్దూలో ‘పేట్ మేఁ మరోడ్’. ఆంగ్లంలో ఈ బాధకు ‘క్రాంప్స్’ అనే మాట వాడుక. వైద్యునితో ట్విస్ట్ అంటే ప్రేగు నిజంగానే మెలిపడిందేమోనని ఆయన కంగారు పడవచ్చు, అది అత్యవసర శస్త్రచికిత్స అవసరమయ్యే వేరొక స్థితి. చెవి మెలిపెట్టడం, చేయి మెలిపెట్టడం మాత్రం మూడు భాషలలోనూ ఒకే చోట కలుస్తాయి: మెలిపెట్టు, మరోడ్‌నా, ట్విస్ట్. ‘ఆర్మ్ ట్విస్టింగ్’ అంటే నిజంగా చేయి పట్టుకోకుండానే ఒత్తిడి చేసి ఒప్పించడమని కూడా అర్థం. పెండ్లి మాటల వేళ అన్నీ కుదిరాక, భోజనాలయ్యాక, ‘అయితే ఒక్క మాట’ అని మగపెండ్లివారు మొదలుపెడితే అది సరిగ్గా ఇదే. తెలుగులో దానిని ‘మెలిక పెట్టడం’ అంటాము. మహ్ర్ ఇవ్వవలసిన వారు మోటారు సైకిలు అడగడానికి ఎంత మెత్తటి స్వరం ఎన్నుకొన్నా ఆ పేరు మారదు.

ఇక సోదరి అడిగిన అసలు సంగతి. దాదీ కాళ్ళకు జరిగినది ఏమిటి?

నల్లగొండ నేల అడుగున ఉన్నది గ్రానైటు శిల. ఆ శిలలోని ఖనిజాల నుండి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి కరుగుతుంది. త్రాగే నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండాలనీ, వేరే దిక్కు లేని చోట 1.5 వరకు సహించవచ్చుననీ మన దేశపు ప్రమాణం. అంతకు మించిన నీటిని ఏళ్ళ తరబడి త్రాగితే ముందు పండ్లపై మరకలు పడతాయి, తరువాత కీళ్ళు బిగుస్తాయి, వెన్ను వంగుతుంది, కాళ్ళు వంగిపోతాయి. ఈ జిల్లాలోని వ్యాధిని గురించి ఎ. హెచ్. సిద్దీఖీ అనే వైద్యులు 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించారు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నంతో నీటి నుండి ఫ్లోరైడ్‌ను తీసివేసే పద్ధతిని రూపొందించినప్పుడు దానికి పెట్టిన పేరే ‘నల్గొండ టెక్నిక్’. మన ఊరి పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాలకు ఎక్కిన తీరు ఇది. మర్రిగూడ మండలంలోని శివన్నగూడకు చెందిన అంశల స్వామి ఈ వ్యాధితో కుంచించుకుపోయిన దేహంతోనే పోరాటానికి ముఖచిత్రమై నిలిచారు. 2003లో దుశ్చర్ల సత్యనారాయణ ఆయనను ఢిల్లీకి తీసుకువెళ్ళి నాటి ప్రధాని వాజపేయి ముందు ఉంచారు. 2023 జనవరిలో స్వామి కన్నుమూశారు.

ఆ దేహాలను వర్ణించేందుకు ఆంగ్ల పత్రికలు ‘ట్విస్టెడ్ లింబ్స్’ అని వ్రాస్తుంటాయి. అది తప్పు కాదు. అమ్మాయి బహుశా అక్కడ చూసే ఆ మాటను గ్రహించి ఉంటుంది. కాని విశేషణం ఏ నామవాచకానికి అంటుకున్నదన్నదే ఇక్కడ కీలకం. లింబ్స్ అంటే అవయవాలు. అవయవానికి ట్విస్టెడ్ అంటే ఆకారం. మనిషికి ట్విస్టెడ్ అంటే స్వభావం. ‘హర్ లెగ్స్ ఆర్ ట్విస్టెడ్’ అనవచ్చు. ‘షీ ఈజ్ ట్విస్టెడ్’ అనరాదు. తెలుగులోనూ ఇదే లేదా? ‘వంకర కాలు’ వేరు, ‘వంకర మనిషి’ వేరు. ‘టేఢీ టాంగ్’ వేరు, ‘టేఢా ఆద్మీ’ వేరు. మాతృభాషలో మనకు తెలిసిన జాగ్రత్తే ఇది, ఆంగ్లంలోకి వెళ్ళేటప్పుడు ఇంటి దగ్గర మరచిపోతున్నాము.

మరొక సంగతి. ఎముకల విషయంలో వైద్యులు ట్విస్ట్ కన్నా ‘బెంట్’, ‘బోడ్’ వంటి మాటలనే ఎక్కువగా వాడుతారు. పోగు తన చుట్టూ తాను తిరిగితే ట్విస్ట్. కొమ్మ వంగితే బెండ్. దాదీ కాళ్ళు వంగాయి. పైగా ‘ట్విస్టెడ్’ అన్న రూపం కర్తను మింగివేస్తుంది. ఎవరు వంచారు? దేనివల్ల వంగాయి? ఆ మాట చెప్పదు, దాదీ పుట్టుకతోనే అలా ఉన్నదేమోనని చదివేవారు అనుకోవచ్చు. మేమైతే అమ్మాయిని ఇలా వ్రాయమంటాము: ‘ఫ్లోరైడ్ ఇన్ అవర్ వెల్ వాటర్ బెంట్ మై గ్రాండ్‌మదర్స్ లెగ్స్.’ బావి నీటిలోని ఫ్లోరైడ్ మా దాదీ కాళ్ళను వంచింది. ఇప్పుడు కర్త ఫ్లోరైడ్. వాక్యంలో దాదీకి జరిగినది ఉన్నది, దాదీపై నింద లేదు. ఉపాధ్యాయిని మళ్ళీ ఎర్ర సిరా తీయరని మా నమ్మకం.

ఊళ్ళలో మనుషులను వారి అవిటితనం పేరుతో పిలిచే దురలవాటు ఉన్నది. కుంటి ఫలానా, వంకర ఫలానా అని. పిలిచేవారికి అది గుర్తు మాత్రమే. పిలిపించుకొనే వారికి ప్రతి పిలుపూ ఒక దెబ్బ. ఎగతాళి పేర్లతో పిలవడాన్ని హుజురాత్ సూరా 11వ ఆయతు స్పష్టంగా వారించింది. అమ్మాయి వ్రాసిన వాక్యంలో ఎగతాళి లేదు, నిండా ప్రేమే ఉన్నది. అందుకే ఆ వాక్యం అలా మిగిలిపోకూడదని ఇంత విస్తరించి వ్రాస్తున్నాము.

వ్యాధి వల్ల వచ్చే వంపుకూ, మనిషి తెచ్చిపెట్టుకొనే వంపుకూ ఉన్న భేదాన్ని ఒక అరబ్బీ మాట అద్భుతంగా చూపుతుంది. లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశంలో, జనుల నుండి గర్వంతో ముఖం ప్రక్కకు త్రిప్పుకోవద్దన్న మాట ఉన్నది. ఆ సూరా 18వ ఆయతులో వాడిన క్రియకు మూలం ‘సఅర్’ అని వ్యాఖ్యాతలు చెబుతారు. అది ఒంటెలకు వచ్చే ఒక జబ్బు. దానితో ఒంటె మెడ ఒక ప్రక్కకు మెలిపడిపోతుంది. ఒంటెకు అందులో ఎంపిక లేదు, పాపమూ లేదు. ఆరోగ్యంగా ఉన్న మెడను రోగిష్ఠి ఒంటెలా మెలిత్రిప్పుకొని తిరిగే మనిషిదే తప్పు. ఉర్దూలో ‘ఐంఠ్‌నా’ అనే ఒక్క క్రియకు మెలిపడడమనీ, బిర్రబిగుసుకొని గర్వపడడమనీ రెండర్థాలు. తెలుగులో మూతి త్రిప్పడం, మీసం మెలివేయడం ఆ కోవలోవే. ‘రస్సీ జల్ గయీ, బల్ నహీఁ గయా’ అనే సామెత మన పెద్దల నోట తరచు వినేదే: త్రాడు కాలిపోయింది గాని మెలిక పోలేదట. పేనిన త్రాడును ఎవరైనా కాల్చి చూడవచ్చు. బూడిదలో పురి గీతలు అలాగే నిలిచి ఉంటాయి. జాగీర్లు పోయినా మెడలు నిటారుగా దిగని వంశాలను ఉద్దేశించి ఈ సామెతను వాడేవారు.

మిగిలినది నాలుక. ‘ట్విస్ట్ ద వర్డ్స్’ అంటే ఒకరు అన్న మాటకు వారు ఉద్దేశించని అర్థం అంటగట్టడం. ఉర్దూలో ‘తోడ్ మరోడ్ కర్ పేశ్ కర్‌నా’ అంటాము: విరిచి, మెలిపెట్టి ముందుంచడం. తెలుగు పత్రికల మాట వక్రీకరణ. పొరపాటున తప్పుగా అర్థం చేసుకోవడాన్ని ట్విస్ట్ అనరు, దానికి ‘మిస్‌అండర్‌స్టాండ్’ ఉన్నది. మాటలను ట్విస్ట్ చేశాడంటే తెలిసి చేశాడని నేరం మోపినట్లే. కనుక కోపంలో ఈ క్రియను ఎవరి మీదా విసరరాదు, ముఖ్యంగా ఆంగ్లంలో పై అధికారికి లేఖ వ్రాసేటప్పుడు. సినిమా చూసి వచ్చిన పిల్లలు ‘ట్విస్ట్ అదిరింది’ అంటే అది కథలో అనుకోని మలుపు, నిందేమీ లేదు. ఈ అర్థంలో ఆ పదం ఇప్పుడు తెలుగు పదమే అయిపోయింది.

ఆంగ్లంలో తప్పుకు ‘రాంగ్’ అంటారు. అదీ పలకని డబుల్యూతో మొదలవుతుంది. బట్టలు పిండే ‘రింగ్’కు దగ్గరి చుట్టం, మొదటి అర్థం వంకర అయినది అని. మణికట్టుకు ‘రిస్ట్’, లాక్కోవడానికి ‘రెస్ట్’, కుస్తీ పట్టడానికి ‘రెజ్లింగ్’, అన్నిటి ముందూ అదే మూగ అక్షరం, అన్నిటిలోనూ ఏదో ఒక త్రిప్పడం. లాటిన్‌లో మెలిత్రిప్పడానికి ఉన్న ధాతువు నుండి వచ్చినవి ‘టార్చర్’, ‘ఎక్స్‌టార్ట్’, ‘డిస్టార్ట్’: చిత్రహింస, బలవంతపు వసూలు, వక్రీకరణ. చేయి మెలిపెట్టడం, జేబు మెలిపెట్టడం, మాట మెలిపెట్టడం అని పిల్లలకు చెబితే మూడూ ఒకేసారి గుర్తుంటాయి.

అరబ్బీలో నాలుక మెలికకు ‘లయ్’ అనే మాట ఉన్నది. నిసా సూరా 135వ ఆయతు సాక్ష్యం గురించినది. న్యాయం కోసం స్థిరంగా నిలవాలనీ, ఆ సాక్ష్యం మనకే గాని, తల్లిదండ్రులకు గాని, దగ్గరి బంధువులకు గాని వ్యతిరేకంగా ఉన్నా వెనుదీయరాదనీ అందులో ఆదేశం. చివర రెండు పనులను విడివిడిగా పేర్కొన్నది: సాక్ష్యాన్ని మెలిపెట్టడం, సాక్ష్యం చెప్పకుండా ముఖం చాటేయడం. పూర్తిగా అబద్ధం చెప్పడం వేరు. మెలిపెట్టడంలో ప్రతి పదమూ నిజమే కావచ్చు. వరుస మారుతుంది, ఒక ముక్క ఎగిరిపోతుంది, స్వరం మారుతుంది. కోడలు ‘రేపు వస్తాను’ అన్నది, ‘ఈ రోజు రానన్నది’గా అత్తగారికి చేరుతుంది. రెండూ ఒకటే కదా అని చేరవేసిన వారి వాదన. సెల్ ఫోనులో నాలుగు నిమిషాల సంభాషణ నుండి ఎనిమిది క్షణాలు కత్తిరించి బంధువులందరికీ పంపడం ఈ విద్యలో నేటి తరగతి. అందులో వినిపించే గొంతు నిజమే, మాట నిజమే. పురి మాత్రం పంపినవారిది.

ఆ సోదరి ఉత్తరం చివర మరొక చిన్న ప్రశ్న ఉన్నది. వారి వాడలో ఇప్పుడు భగీరథ నీరు వస్తోంది, అమ్మాయి తరం వారి కాళ్ళు నిటారుగా ఉన్నాయి. ఈ మాటను వ్యాసంలో ఎలా చేర్చాలి, ‘అన్‌ట్విస్టెడ్’ అనవచ్చునా? అనరాదు. వంగిన ఎముక విప్పుకున్నదని అర్థం వస్తుంది, అది జరగలేదు. దాదీ కాళ్ళు అలాగే ఉన్నాయి. మనవరాలివి ‘స్ట్రెయిట్’. ఆ రెండు మాటలూ రెండు వేర్వేరు వాక్యాలలో, పక్కపక్కన వ్రాయమనండి.